అమ్మ సవరం వెనక కథ

పోయిన సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు అమ్మ ట్రంకుపెట్టె సర్దుతున్నాం. అడుగున పాత జాకెట్టు గుడ్డలో చుట్టి పెట్టిన సవరం ఒకటి బయటపడింది. మా అమ్మాయి దాన్ని పట్టుకుని, మళ్ళీ ఉలిక్కిపడి వదిలేసి, "ఎవరి జుట్టమ్మా ఇది?" అంది. ఈ కాలం పిల్ల కదా, సవరం అంటే తెలీదు.

అమ్మ నవ్వి, "నాదేనే. దువ్వుకున్నప్పుడల్లా ఊడినదాన్ని పారేయకుండా చుట్టబెట్టి దాచేదాన్ని. రెండేళ్ళు పోగయ్యాక కట్టించుకున్నా" అంది.

రెండేళ్ళు. అంత జుట్టు రెండేళ్ళలో ఊడింది. నాకు పదేళ్ళప్పటి మాట అది. పెళ్ళికి వెళ్ళాలంటే అమ్మ అద్దం ముందు కూర్చుని, నోట్లో పిన్నులు పట్టుకుని, ఉన్న కాసింత జుట్టుకి ఈ సవరం కలిపి జడ వేసుకునేది. "జుట్టున్నమ్మ ఏ కొప్పయినా పెడుతుంది" అని మా మేనత్త నవ్వుతూ అనేది. అమ్మ కూడా నవ్వేది. ఆ నవ్వు ఎలాంటిదో నాకిప్పుడు తెలుస్తోంది.

అప్పట్లో ఆ జుట్టు ఎందుకు ఊడుతోందో చెప్పని వాళ్ళు లేరు. నీళ్ళు మారాయన్నారు, దిష్టి తగిలిందన్నారు, తలకి నూనె సరిగా పెట్టుకోదన్నారు. మందారాకు, మెంతులు, గుంటగలగరాకు నూనె అన్నీ అయ్యాయి. ఏం తింటున్నావని మాత్రం ఎవరూ అడగలేదు. ఇంట్లో అందరికీ వండి పెట్టే మనిషిని ఆ ప్రశ్న అడగాలని ఎవరికి తోస్తుంది?

ఇదంతా ఇప్పుడెందుకంటే, దసరా సెలవులకి హాస్టల్ నుంచి వచ్చిన మా అమ్మాయి (ఇంటర్ రెండో సంవత్సరం) తలంటు పోసుకుని, ఊడిన జుట్టు గుప్పిట్లో పట్టుకుని ఏడుస్తూ వచ్చింది. ఫోనులో అప్పటికే బయోటిన్ గమ్మీలు ఆర్డరు పెట్టేసింది. నేను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. తీసుకెళ్ళి ఊరుకోకుండా, బి.ఏ. తెలుగు చదివిన దాన్ని కాబట్టి అలవాటుగా దీని పుట్టుపూర్వోత్తరాలు వెతకడం మొదలుపెట్టాను. జుట్టుకీ తిండికీ ఉన్న సంబంధాన్ని మనుషులు ఎప్పుడు, ఎలా కనుక్కున్నారు? చదువుతూ పోతే అది మన ఊళ్ళ దాకా, మన వంటింటి దాకా వచ్చింది.

జుట్టు మీద జెండా

మొదటి కథ ఆఫ్రికాలో గోల్డ్ కోస్ట్‌ది. ఇప్పటి ఘనా. 1930ల్లో అక్కడ సిసిలీ విలియమ్స్ అనే డాక్టరమ్మ పనిచేసేది. ఆమె దగ్గరికి వచ్చే పసిపిల్లల్లో కొందరికి కాళ్ళూ మొహం ఉబ్బి ఉండేవి. చర్మం పొరలుగా లేచిపోయేది. నల్లటి జుట్టు ఎర్రబారి, పలచబడి, పట్టుకుంటే నొప్పి లేకుండా ఊడొచ్చేది. ఆమె దీని గురించి 1933లో రాసింది. 1935లో ఆ జబ్బుకి అక్కడి 'గా' భాషలో తల్లులు వాడే పేరునే వైద్యలోకానికి పరిచయం చేసింది: క్వాషియోర్కర్. తర్వాతి బిడ్డ పుట్టినప్పుడు పెద్ద బిడ్డకి వచ్చే జబ్బు అని ఆ మాటకి భావం. చంటిది రాగానే పెద్దదానికి తల్లిపాలు మాన్పించి మొక్కజొన్న జావతో సరిపెడితే వచ్చేది అన్నమాట. డాక్టర్ల కంటే ముందు తల్లులే కారణం కనిపెట్టి, దాన్ని పేరులోనే పెట్టుకున్నారు.

ఈ జబ్బులో జుట్టుకి సంబంధించిన ఒక గుర్తుంది. డాక్టర్లు దాన్ని 'జెండా గుర్తు' అంటారు. పిల్లకి సరైన తిండి దొరికిన నెలల్లో పెరిగిన వెంట్రుక నల్లగా, దొరకని నెలల్లో పెరిగిన ముక్క పాలిపోయి వస్తుంది. ఒకే వెంట్రుక మీద నలుపు, ఎరుపు, మళ్ళీ నలుపు చారలు. వెంట్రుక నెలకి సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది కాబట్టి, ఆ ఇంట్లో ఏ నెలలో పొయ్యి సరిగా వెలగలేదో పిల్ల తలమీద రాసి ఉన్నట్టే.

మన దగ్గర ఈ జబ్బు మీద పనిచేసిన వాళ్ళలో సి. గోపాలన్ గారు ముఖ్యులు. పిల్లలకి కొరత ఒక్క మాంసకృత్తులదే కాదు, అసలు కడుపునిండా తిండే అందడం లేదని గట్టిగా చెప్పిన మనిషి. ఆయన పనిచేసిన సంస్థ 1918లో నీలగిరుల్లోని కూనూరులో ఒక చిన్న ప్రయోగశాలగా మొదలైంది. 1958లో హైదరాబాదుకి వచ్చింది. 1969 నుంచి దాని పేరు జాతీయ పోషకాహార సంస్థ. తార్నాక మీదుగా వెళ్ళే వాళ్ళందరం ఆ బోర్డు చూసే ఉంటాం. నేనూ ఎన్నోసార్లు బస్సులోంచి చూశాను. లోపల మన కంచాల లెక్కలు ఉన్నాయని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు.

మూడు నెలల బాకీ

మా అమ్మమ్మ ఒక మాట అనేది. "చంటిది తల్లి మొహం చూసి నవ్వడం మొదలెడితే తల్లికి జుట్టు ఊడుతుంది" అని. నా కాన్పప్పుడు అక్షరాలా అలాగే అయింది. పిల్ల నవ్వే జుట్టు తీసుకుపోయిందని నేనూ మురిసిపోయాను.

ఇందులో లెక్క తప్పలేదు. మన తలమీద సుమారు లక్ష వెంట్రుకలుంటాయి. ఒక్కొక్కటీ కొన్నేళ్ళు పెరుగుతుంది, తర్వాత సుమారు మూడు నెలలు పెరగకుండా ఆగి రాలిపోతుంది. దాని చోట కొత్తది వస్తుంది. అందుకే రోజుకి వంద దాకా ఊడినా కంగారు పడక్కర్లేదు. ఒంటికి పెద్ద దెబ్బ తగిలినప్పుడు, అంటే కాన్పు, పెద్ద జ్వరం, ఆపరేషన్, హఠాత్తుగా తిండి తగ్గించేయడం లాంటివి జరిగినప్పుడు, పెరుగుతున్న వెంట్రుకల్లో చాలా భాగం ఒకేసారి ఆగిపోతాయి. కానీ అప్పుడే రాలవు. రెండు మూడు నెలలు ఆగి, అన్నీ కలిసి రాలతాయి. అమెరికాలో ఆల్బర్ట్ క్లిగ్మన్ అనే చర్మవైద్యుడు 1961లో దీన్ని వివరించి, టెలోజెన్ ఎఫ్లూవియం అని పేరు పెట్టాడు.

ఎందుకిలా అంటే, ఒంట్లో అన్నిటికంటే వేగంగా విభజన చెందే కణాల్లో జుట్టు కుదుళ్ళవి కూడా ఉన్నాయి. వాటికి నిత్యం సరుకు కావాలి. కానీ కరువొచ్చినప్పుడు గుండె, మెదడు ఆగకూడదు కదా. జుట్టు లేకపోతే ప్రాణం పోదు. అందుకని శరీరం మొదట అక్కడ ఖర్చు తగ్గిస్తుంది. ఇల్లు నడిపే వాళ్ళకి ఇది వేరే చెప్పాలా? డబ్బు తక్కువైన నెలలో ముందు ఆగేది మన చీరే కదా.

డాక్టరు గారు ఇదే చెప్పి, "మూడు నెలల కిందట ఏం జరిగింది?" అని మా అమ్మాయిని అడిగారు. అది నేల చూపులు చూసింది. లెక్కేస్తే జూలై. హాస్టల్లో ఎవరో లావయ్యావన్నారట. అప్పట్నుంచి రాత్రి అన్నం మానేసింది. పొద్దున్న క్లాసుకి ఆలస్యమవుతుందని టిఫినూ అంతంతమాత్రమే. నాకు రోజూ ఫోనులో "తిన్నానమ్మా" అని చెప్తూనే ఉంది. నేను నమ్ముతూనే ఉన్నాను.

గమ్మీల కథ

ఇక ఆ బయోటిన్ సంగతి. 1927లో లండన్‌లో మార్గరెట్ బోయస్ అనే పరిశోధకురాలు ఎలుకలకి ఎండబెట్టిన పచ్చి గుడ్డు తెల్లసొన పెట్టి చూసింది. వాటికి చర్మం పాడై జుట్టు ఊడిపోయింది. కాలేయం లాంటివి పెడితే తగ్గింది. జర్మనీలో పాల్ గ్యోర్గీ అనే ఆయన తన పరిశోధనలో ఆ కాపాడే పదార్థానికి 'విటమిన్ హెచ్' అని పేరు పెట్టాడు. జర్మన్ భాషలో జుట్టుని 'హార్' అనీ చర్మాన్ని 'హౌట్' అనీ అంటారు. ఆ 'హ' అక్షరం అక్కడిది. అదే మన బయోటిన్. పచ్చి తెల్లసొనలో ఉండే ఒక మాంసకృత్తి బయోటిన్‌ని గట్టిగా పట్టేసుకుని ఒంటికి అందనివ్వదు. గుడ్డు ఉడికిస్తే దాని బలం పోతుంది.

పేరులోనే జుట్టుంది కాబట్టి అమ్ముకునేవాళ్ళకి పండగే. కానీ అసలు విషయమేమిటంటే, మామూలు తిండి తినే మనిషికి బయోటిన్ కొరత రావడం చాలా అరుదు. గుడ్లు, పల్లీలు, పప్పులు చాలు. లోటు లేని చోట ఎంత పోసినా ఉపయోగం ఉంటుందన్న రుజువు పెద్దగా లేదు. పైగా ఈ మాత్రలు ఎక్కువ మోతాదులో వాడితే థైరాయిడ్ లాంటి రక్తపరీక్షల ఫలితాలు తప్పుగా వచ్చే అవకాశం ఉందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017లో హెచ్చరించింది. జుట్టు ఊడుతోందని థైరాయిడ్ పరీక్షకి వెళ్ళే మనలాంటి వాళ్ళు ఇది తప్పకుండా గుర్తుంచుకోవాలి. మాత్రలు వాడుతుంటే డాక్టరుకి ముందే చెప్పాలి.

అతి చేస్తే ఇంకా ప్రమాదం. 2008లో అమెరికాలో ఒక ద్రవరూపపు పోషకాల మందులో పొరపాటున సెలీనియం లేబుల్ మీద రాసినదానికి 200 రెట్లు పడింది. అది తాగిన 201 మంది జబ్బు పడ్డారు. వాళ్ళలో చాలామందికి జుట్టు ఊడిపోయింది. ఆరోగ్యం కోసం తాగిన మందే. ఎ విటమిన్ కూడా అంతే, మోతాదు మించితే జుట్టు ఊడుతుంది.

ఆకులోంచి వచ్చిన మందు

నాకు అన్నిటికంటే నచ్చిన కథ ఇది. 1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లండు డాక్టరమ్మ బొంబాయి వచ్చింది. అక్కడి బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణుల్లో తీవ్రమైన రక్తహీనత కనిపించేది. కడుపునిండా సరైన తిండి లేని వాళ్ళలోనే ఇది ఎక్కువని గమనించి, ఈస్ట్ నుంచి తయారైన మార్మైట్ అనే చవక పదార్థం ఇచ్చి నయం చేసింది. అందులో ఉన్నదేమిటో అప్పటికి తెలీదు. 1941లో అమెరికాలో పరిశోధకులు 4 టన్నుల పాలకూర నుంచి ఆ పదార్థాన్ని వేరు చేశారు. లాటిన్‌లో ఆకుని 'ఫోలియం' అంటారు, అందుకే ఫోలిక్ ఆమ్లం అన్నారు.

దాన్ని 1945లో ప్రయోగశాలలో తయారు చేసింది ఎవరి బృందమో తెలుసా? మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారిది. మాది పశ్చిమగోదావరే కాబట్టి చిన్నప్పటి నుంచి ఆయన పేరు వింటూనే పెరిగాను. ఆయన బృందమే ఫోలిక్ ఆమ్లానికి అడ్డుపడే మందులు కూడా తయారు చేసింది. క్యాన్సర్ కణాలు విభజన చెందకుండా ఆపడానికి. అలాంటి మందులు వాడే వాళ్ళకి జుట్టు ఊడడం మనకి తెలిసిందే. కణం రెండు కావాలంటే ఫోలిక్ ఆమ్లం కావాలి. దాన్ని ఆపితే క్యాన్సర్ కణంతో పాటు పాపం జుట్టు కుదురూ ఆగుతుంది. మన కుదుళ్ళకి లోపలి నుంచి ఏం అందుతోందో ఇంతకంటే స్పష్టంగా చెప్పే రుజువు నాకు కనబడలేదు.

ఇనుము సంగతి కొంచెం ఆలస్యంగా తెలిసింది. 1963లో స్వీడన్‌లో ఒక చర్మవైద్యుడు, రక్తహీనత ఇంకా రాకపోయినా ఒంట్లో ఇనుము నిల్వలు తగ్గిన ఆడవాళ్ళలో జుట్టు ఊడుతోందని రాశాడు. తర్వాత జరిగిన పరిశోధనలన్నీ ఆ మాటే చెప్పలేదు, వాదన ఇంకా నడుస్తోంది. అయినా జుట్టు ఊడుతోందని వెళ్తే డాక్టర్లు హిమోగ్లోబిన్‌తో పాటు ఫెరిటిన్ అనే పరీక్ష రాసేది అందుకే. నిల్వలెంతో చెప్పేది అదే. మన దేశంలో గర్భిణులకి ఇనుము, ఫోలిక్ ఆమ్లం కలిపిన మాత్రలు ఇచ్చే పథకం 1970లోనే మొదలైంది. అంటే అమ్మ కాన్పుల నాటికి ఆ మాత్రలున్నాయి. "అవి వేసుకుంటే పిల్లలు నల్లగా పుడతారన్నారు, గోడవతల పారేశాను" అంది అమ్మ, నేను అడిగినప్పుడు.

మన వంటింటి చరిత్ర

కూనూరు ప్రయోగశాల పుట్టింది బెరిబెరి జబ్బు కోసం. ఆ జబ్బు బాగా ఉన్న ప్రాంతాల్లో అప్పటి ఉత్తర సర్కారు జిల్లాలు, అంటే మన కోస్తా ఒకటి. కారణం మరపట్టిన తెల్లబియ్యం. రోట్లో దంచుకున్నన్నాళ్ళు బియ్యం మీద తవుడు పొర కొంత మిగిలేది. మిల్లులొచ్చాక అదంతా పోయింది. దానితో బి విటమిన్లు, కొంత ఇనుము కూడా పోయాయి. మెట్ట ప్రాంతాల్లో జొన్న, సజ్జ, రాగి తినేవాళ్ళు. 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చాక ఎన్నో ఇళ్ళలో ఆకలి తగ్గింది, దాన్ని కాదనలేం. కాకపోతే వరి అన్నం గొప్ప, జొన్న రొట్టె తక్కువ అన్న భావన అంతకుముందు నుంచీ ఉన్నదే, అది ఇంకా బలపడింది. కంచంలో అన్నం కొండలా పెరిగి, పక్కనున్నవి చిన్నవయ్యాయి.

మన పెద్దవాళ్ళకి ఏమీ తెలీదని కాదు. పిల్ల పెద్దమనిషయితే నువ్వులు, బెల్లం దంచి చిమ్మిలి పెట్టేవారు. ఇనుము తగ్గే వయసు మొదలైందని లెక్క కట్టకుండానే చేసిన పని. కార్తీకంలో ఉసిరికాయ తినేవారు. ఉసిరిలోని సి విటమిన్ ఆకుకూరలోని ఇనుము ఒంటికి పట్టేలా చేస్తుంది. తమాషా ఏమిటంటే మనం ఉసిరిని తలకి రాసుకోవడం మొదలెట్టి, తినడం తగ్గించాం. అదే పెద్దవాళ్ళు బాలింతకి పథ్యం పేరుతో నెలల తరబడి కారప్పొడి అన్నమే పెట్టి, పప్పు, కూరలు, ఆఖరికి మంచినీళ్ళు కూడా కట్టడి చేశారు. రెండూ మన సంప్రదాయమే. దేన్ని ఉంచుకోవాలో మనం చూసుకోవాలి.

వీటన్నిటికంటే పెద్దది ఇంకొకటుంది. ఆఖరి పంక్తి. మా ఇంట్లో ముందు తాతయ్య, నాన్న తినేవాళ్ళు. తర్వాత పిల్లలం. ఆ తర్వాత నాయనమ్మ. అమ్మ కూర్చునేసరికి పప్పు గిన్నెలో అడుగున తేట, కూర గిన్నెలో పోపు గింజలు. ఆవకాయ, మజ్జిగతో అయిందనిపించి, వెంటనే టీ తాగేది. అన్నం మీద టీ తాగితే తిన్న కాస్త ఇనుమూ సరిగా ఒంటపట్టదని ఇప్పుడు చదివాను. మన దేశపు 2020 సిఫార్సుల ప్రకారం మగవాళ్ళకి రోజుకి 19 మిల్లీగ్రాముల ఇనుము కావాలి, ఆడవాళ్ళకి 29. ఎక్కువ కావలసిన మనిషి ఆఖర్న కూర్చుంటోంది.

అమ్మకి ఒకరోజు పెరట్లో కళ్ళు తిరిగి పడిపోతే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. ఆయన కంటి కింది రెప్ప లాగి చూసి నాన్నని కేకలేశారు. హిమోగ్లోబిన్ 7. మందులు వాడాక ఓపిక వచ్చింది. జుట్టు మునుపటంత రాకపోయినా ఊడడం ఆగింది. కానీ పంక్తి మారలేదు.

ఇది పాతకాలపు కథ అనుకోకండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. ఇది చదువుతున్న వాళ్ళలోనూ సగం మందికి ఉండొచ్చు.

జుట్టు ఊడే ప్రతివాళ్ళకీ తిండే కారణమని నేననను. థైరాయిడ్ ఉంటుంది, పీసీఓడీ ఉంటుంది, వంశపారంపర్యం ఉంటుంది. అందుకే ముందు డాక్టరు, పరీక్షలు. ఇనుము మాత్రలు కూడా సొంతంగా మింగకూడదు. మా అమ్మాయికి హిమోగ్లోబిన్ 9.2, ఫెరిటిన్ చాలా తక్కువ వచ్చింది. డాక్టరు రాసిన మందులతో పాటు నేను చేసింది పెద్దగా ఏమీ లేదు. పొద్దున్న ఉడికించిన గుడ్డు, సాయంత్రం ఉలవల గుగ్గిళ్ళో శనగలో, వారంలో నాలుగు రోజులు తోటకూరో గోంగూరో, పప్పులో నిమ్మకాయ. హాస్టలుకి నువ్వుండల డబ్బా. టీ మాత్రం భోజనానికి ఓ గంట ఎడంగా. కుదుళ్ళ దగ్గర చిన్న చిన్న వెంట్రుకలు రావడం సంక్రాంతికి మొదలైంది. జడ మునుపటిలా కావాలంటే నెలకి సెంటీమీటరు లెక్కన ఇంకా చాలా నెలలు పడుతుంది. ఓపిక పట్టమన్నాను.

సవరం మళ్ళీ గుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టేశాం. ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర అమ్మ అలవాటు ప్రకారం వడ్డించడానికి నిలబడింది. మా అమ్మాయి ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి, పప్పు గిన్నె ముందు ఆవిడ వైపు జరిపింది. "నేను తర్వాత తింటాలేవే" అని అమ్మ రెండుసార్లంది. మూడోసారి అనలేదు.

ఇప్పుడు మిమ్మల్ని ఒకటి అడుగుతాను. ఇవాళ మధ్యాహ్నం మీ ఇంట్లో మీరు ఎన్నోవారుగా తిన్నారు? గిన్నెలో ఎంత మిగిలింది?